నాలా ఎందుకు వంగింది?

మా వీధి చివర ఉండే అమ్మాయి మొన్న లా పూర్తి చేసి, బార్ కౌన్సిల్లో పేరు నమోదు చేయించుకుని, మిఠాయి డబ్బాతో మా ఇంటికి వచ్చింది.

"ఆంటీ, ప్రభుత్వ వకీలు ఆఫీసుల జూనియర్‌గ చేరుమంటున్నరు. ఆడ ఏముండదంట కదా? వాయిదాలు అడుగుడు, కట్టలు మోసుడు. నిజమేనా?" అని అడిగింది.

నాకు నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి. కూర్చోబెట్టి రెండు గంటలు మాట్లాడాను. ఆ అమ్మాయి పోయేటప్పుడు, "గిదంతా రాయి ఆంటీ, మా బ్యాచ్ వాళ్లకు పంపుత" అంది. అందుకే రాస్తున్నాను. వకీలుగా నేను పనిచేసిన ముప్పై ఏళ్ల పైచిలుకు కాలంలో ఎక్కువ భాగం హైకోర్టులో ప్రభుత్వం తరఫున భూసేకరణ కేసులు వాదించడంతోనే గడిచింది. నన్ను ఎప్పుడు నియమించారు, ఎప్పుడు తీసేశారు, మళ్లీ ఎప్పుడు పిలిచారు అన్నవి ఇక్కడ రాయను. వాటిలో నేర్చుకోవాల్సింది ఏమీ లేదు. ఓడిపోవాల్సి ఉండి గెలిచిన ఒక కేసు గురించి, గెలుపో ఓటమో చెప్పలేని మరో కేసు గురించి రాస్తాను.

పది నిమిషాల గెలుపు

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద ఒకాయనకు సైకిళ్ల దుకాణం ఉండేది. పాదచారుల వంతెన మెట్ల కోసమని ప్రభుత్వం ఆ స్థలాన్ని తీసుకుంది. ఆయన రిట్ వేశాడు. ప్రభుత్వం నా హక్కును తొక్కిందని నేరుగా హైకోర్టుకు పెట్టుకునే మొరను రిట్ అంటారు. "నా దుకాణం దగ్గర ఎవరూ రోడ్డు దాటరు, వంతెన ఇంకో చోట కట్టండి" అన్నది ఆయన వాదన. నేను లేచి, ఇది ప్రజా ప్రయోజనం కోసం తీసుకున్న స్థలమనీ, మెట్లు ఎక్కడ పెట్టాలో చెప్పడం కోర్టు పని కాదనీ అన్నాను. పది నిమిషాల్లో రిట్ కొట్టేశారు. గాల్లో తేలుతూ ఆఫీసుకు వచ్చాను.

మా పైఅధికారి, ప్రభుత్వ న్యాయవాది రాఘవరావు గారు. గుంటూరు వైపు నుంచి వచ్చి హైదరాబాద్‌లో స్థిరపడిన మనిషి. గొంతు పెంచేవారు కాదు. అందుకే ఆయనంటే నాకు భయం.

"ఏమ్మా, గెలిచావటగా. ఆ వంతెన ఎవరెక్కుతారు?"

"ప్రజలు సార్."

"ప్రజలంటే ఎవరమ్మా? ఎక్కడి నుంచి వస్తారు? రోడ్డు ఎందుకు దాటతారు?"

నేను రోజూ ఆ రోడ్డు మీదే బస్సులో వచ్చేదాన్ని. ఒక్కసారి కిటికీలోంచి తల తిప్పి చూసినా తెలిసేది. కోచింగ్ సెంటర్ల పిల్లలు, కూరగాయల సంచులతో ఆడవాళ్లు, అందరూ ఆ దుకాణానికి చాలా దూరంగా, ఇంకో సందు ఎదురుగా దాటుతారు. ఆ సైకిళ్లాయన చెప్పింది అక్షరాలా నిజం.

వంతెన రానే లేదు. దుకాణం మాత్రం పోయింది. నేలలో మెట్ల కోసం పాతిన నాలుగు ఇనుప బోల్టులు తుప్పుపట్టి మిగిలాయి. ఒకసారి బస్టాపులో ఆయన నన్ను గుర్తుపట్టి, నమస్తే పెట్టాడు. తిట్టినా బాగుండేది.

నా తప్పు చట్టం తెలియక చేసింది కాదు. రాజ్యాంగం ముప్పై తొమ్మిదో అధికరణం నాకు కంఠతా వచ్చు. సమాజపు వనరులను ఉమ్మడి మేలుకు ఉపయోగపడేలా పంచే విధానం ప్రభుత్వానిదై ఉండాలని అది చెబుతుంది. ఇది ఆదేశిక సూత్రం. దీన్ని పట్టుకుని కోర్టుకు పోయి నాకిది ఇప్పించండి అని అడగలేం, కానీ పాలనకు ఇదే పునాది అని రాజ్యాంగమే అంటుంది. ఇంత గొప్ప మాటను నేను కూరలో ఉప్పులా చల్లాను. కాగితం మీద 'ప్రజా ప్రయోజనం' అని రాస్తే చాలు, అది అయిపోయినట్టే అనుకున్నాను. ఆ తర్వాత ఒక నియమం పెట్టుకున్నాను. స్థలం చూడకుండా ఏ భూమి కేసూ వాదించను. మా ఆయన దీన్ని 'ఆదివారం డ్యూటీ' అనేవాడు.

ఫొటోలో మోచెయ్యి

కొన్నేళ్ల తర్వాత ఒక వానాకాలం ముందు ఆ కేసు కట్ట నా బల్ల మీదికి వచ్చింది. ఎల్.బి.నగర్ దాటి మన్సూరాబాద్ వైపు పోయే పల్లంలో వాననీళ్లు పారే ఒక పెద్ద కాలువ ఉంది, నాలా అంటారు. గట్టి వాన పడితే చాలు, నాలా పొంగి ఎగువన ఉన్న కాలనీల్లో మోకాళ్ల లోతు నీళ్లు నిలిచేవి. దాన్ని వెడల్పు చేయాలని సంబంధిత శాఖ నిర్ణయించింది. అందుకు పదిహేడు ఇళ్లు పోతాయి. ఖాళీ చేయాలని గోడల మీద ఎర్ర రంగుతో గుర్తులు పెట్టారు. ముందుగా ఎవరికీ నోటీసు ఇవ్వలేదు. పదిహేడు ఇళ్ల వాళ్లూ కలిసి రిట్ వేశారు. వాళ్లలో మొదటి పేరు మరియమ్మ.

రిట్‌కు ప్రభుత్వం జవాబుగా శాఖ ఇంజనీరు ప్రమాణం చేసి దాఖలు చేసిన కౌంటర్ కట్టలో ఉంది. 'నాలా సహజంగా పారే దారిలోనే వెడల్పు చేస్తున్నాం' అని అందులో రాశాడు. దాని కిందే పిటిషనర్లు పెట్టిన ఫొటో ఒకటి కనిపించింది. నేరుగా వచ్చిన నాలా ఒక ఎత్తైన ప్రహరీ గోడ దగ్గర మోచెయ్యిలా వంగి, ఇళ్ల వైపు తిరిగింది.

ఎదుటి పక్షం మనుషులతో వాళ్ల వకీలుకు తెలియకుండా మాట్లాడకూడదు. ఇది మీరు మొదటి రోజే నేర్చుకోవాల్సిన మర్యాద. వాళ్ల వకీలుకు ఫోన్ చేసి స్థలం చూస్తానని, అక్కడివాళ్లతో మాట్లాడతానని చెప్పాను. "చూసుకోండి మేడం, ఏం మారుతుంది?" అన్నాడు ఆ కుర్ర వకీలు.

నేను వెళ్లేసరికి మరియమ్మ ముందు గదిలో కుట్టుమిషన్ మీద జాకెట్ కుడుతోంది. నల్గొండ జిల్లాలో ఏదో పల్లె నుంచి భర్తతో వచ్చి, ఆయన పోయాక ఈ మిషన్ మీదే బతికిన మనిషి. గోడ మీద ఏసు పటం, దాని పక్కన ఎర్ర రంగు గుర్తు.

"నేను ప్రభుత్వం వకీలునమ్మా" అన్నాను.

"కూలగొట్టేటోళ్ల దిక్కా?"

"అవును."

"మరి గీడికెందుకొచ్చినవ్?"

"చూద్దామని."

ఆమె మిషన్ ఆపి నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "చూడుండ్రి మరి. నాలా పెద్దగ చేయొద్దని నేననలె. ఆ ఎగువోళ్ల పిల్లలు వానొస్తే మంచాలెక్కి కూసుంటరు, నాకెరుక. కని ఒక్క ముచ్చట జర ఇంజనీరు సారునడుగుండ్రి. నీళ్లకు వంకర తిరగబుద్ధి అయితదా?"

నేను బయటికి వచ్చి ఆ వంపు దగ్గర నిలబడ్డాను. ఎత్తైన గోడ అవతల ఒక ఫంక్షన్ హాలు. నాలా ఆ గోడకు తగిలి పక్కకు జరిగినట్టు స్పష్టంగా కనిపిస్తోంది. ఇంజనీరును అడిగితే, "నేల వాలే అట్లుంది మేడం" అన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు నా కళ్లలోకి చూడలేదు.

పెళ్లి భోజనం

సర్వే రికార్డుల్లోంచి పాత గ్రామ నక్షా తీయించాను. ఈ కాలనీలన్నీ పొలాలుగా ఉన్నప్పుడు గీసిన పటం అది. అందులో నాలా గీత కర్రలాగా నేరుగా ఉంది. పటం చేత్తో పట్టుకుని రాఘవరావు గారి గదిలోకి దాదాపు పరుగెత్తాను.

ఆయన చాలాసేపు చూశారు. "పటాలు తప్పుండొచ్చమ్మా. నేల మీద ఏముంది?"

"నేల మీద ఫంక్షన్ హాలు ఉంది సార్."

"దాని కింద?"

నేను పటం మీది గీతనే చూస్తూ నిలబడ్డాను.

"మనం ప్రభుత్వం తరఫు మనుషులం. ఆ ఇంజనీరు తరఫు కాదు, ఆ హాలు తరఫు అసలే కాదు. కోర్టుకు నిజం చెబితే పక్షం మారినట్టు కాదు. కానీ ఆధారం లేకుండా నోరెత్తావంటే ఊడేది నీ పోస్టు ఒక్కటే కాదు, నాది కూడా. కేసు గురువారం ఉంది" అన్నారు.

అంటే నాకు ఒక్క ఆదివారమే మిగిలింది. సర్వే శాఖలో కొలత గొలుసు లాగే పని చేసి రిటైరైన యాదగిరిని వెతికి పట్టుకున్నాను. నాగోల్‌లో కూతురి దగ్గర ఉంటున్నాడు. నక్షా చూపించగానే ఆయన ముఖం వెలిగిపోయింది. "గీ నాలా మీద రాతి కమానుతోని మోరీ ఉండె మేడం. దాని మీదికెళ్లి ఎడ్లబండ్లు పోయేటివి. నేను గొలుసు లాగిన జాగనే గిది. కని హాల్లోకి ఎట్ల పోదం?"

ఆ ఆదివారం మధ్యాహ్నం హాల్లో పెళ్లి ఉంది. నేను పట్టుచీర కట్టుకున్నాను. యాదగిరి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. గుమ్మం దగ్గర ఒకమ్మాయి గంధం రాసి పన్నీరు చల్లింది. ఆడపెళ్లివాళ్లు మమ్మల్ని మగపెళ్లివాళ్లనుకున్నారు, మగపెళ్లివాళ్లు ఆడపెళ్లివాళ్లనుకున్నారు. వెనక వంటశాల వైపు జారుకోబోతుంటే ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుంది.

"తినకుంట యాడికి పోతున్నవ్ బిడ్డా? కూసో!"

కూర్చున్నాం. బగారన్నం తిన్నాం. యాదగిరి రెండోసారి కూడా పెట్టించుకున్నాడు.

తర్వాత చేతులు కడుక్కునే నెపంతో వెనక్కి వెళ్లాం. గిన్నెలు తోమే చోట నీళ్లు కారి, నాపరాళ్ల సందులోంచి కిందికి దిగిపోతున్నాయి. ఎక్కడా నిలవడం లేదు. యాదగిరి గొంతుక్కూర్చుని, చెవి ఆనించి విన్నాడు. తర్వాత గోడ మొదట్లో మట్టిని చేత్తో తుడిచాడు. చెక్కిన రాయి అంచు ఒకటి బయటపడింది, గుండ్రంగా వంగి ఉంది.

"మేడం! కమాను రాయి! గిదే మోరీ! కింద ఇంక బోలుగనే ఉన్నది, నీళ్ల సప్పుడు ఇనుండ్రి!"

నేను పట్టుచీరతోనే ఆ తడి నేల మీద మోకాళ్ల మీద కూర్చున్నాను. వినిపించింది. కింద ఎక్కడో నీళ్లు పడుతున్న చప్పుడు. అంటే నాలా పాత దారి ఆ హాలు కిందే. నా జీవితంలో ఏ తీర్పు విన్నప్పుడూ అంత ఆనందం కలగలేదు. గట్టిగా అరవబోయి నోరు మూసుకున్నాను.

ఇక్కడ ఒక మాట. నేను చేసింది పద్ధతి కాదు. పిలవని పెళ్లికి పోయి చూసొచ్చిన దాన్ని కోర్టులో ఆధారంగా పెట్టలేం, పెట్టకూడదు. మీరు ఇట్లాంటి పని చేయకండి. అది నాకు ఇచ్చింది ఆధారం కాదు, ధైర్యం.

గురువారం

సోమవారం రాఘవరావు గారికి అంతా చెప్పాను. పెళ్లి సంగతి విని ఆయన తల పట్టుకున్నారు. తర్వాత ఫోను తీసుకుని శాఖ పెద్దలతో మాట్లాడారు. తలుపు మూసే ఉంది, అరగంట పట్టింది. బయటికి వచ్చి, "చెప్పాల్సిన వాళ్లకు చెప్పాను. సరే అనలేదు. కాదని కూడా అనలేదు. వెళ్లు" అన్నారు.

గురువారం మా కేసు పిలిచారు. ఎదుటి వకీలు కాగితాల గుట్ట పట్టుకుని యుద్ధానికి సిద్ధంగా నిలబడ్డాడు. నేను ముందుగా లేచాను.

"మైలార్డ్, ప్రభుత్వం దాఖలు చేసిన కౌంటర్‌లో నాలా సహజ మార్గం గురించిన పేరా మీద నేను వాదించలేను. పాత గ్రామ నక్షా వేరే దారి చూపిస్తోంది. దాన్ని కోర్టు ముందు పెడుతున్నాను."

ఎదుటి వకీలు చేతిలోని కాగితాల గుట్టను బల్ల మీద పెట్టేశాడు. న్యాయమూర్తి కళ్లద్దాలు తీసి, "ఈ మాట ప్రభుత్వమే చెబుతోందా?" అని అడిగారు.

"అవును మైలార్డ్. అందరి సమక్షంలో నేల మీద కొలతలు వేయించండి. కానీ పని మొత్తం ఆపకండి. వాన మన వాయిదా కోసం ఆగదు. ఎగువన జనం మునుగుతున్నారు. నాలా వెడల్పు కావాల్సిందే. అది ఏ దారిలో అన్నదే ప్రశ్న."

ఎందుకు ఇంత నమ్మకంగా చెప్పగలిగానంటే, అప్పటికి నా మనసులో రాజ్యాంగం ఒక్క అధికరణంగా లేదు. ఉమ్మడి మేలు అని ముప్పై తొమ్మిది చెబుతుంది. చట్టం ప్రకారం తప్ప ఎవరి ఆస్తీ లాక్కోరాదని మూడు వందల 'ఎ' చెబుతుంది. అందరినీ సమానంగా చూడాలని పద్నాలుగు చెబుతుంది. ఒకటి చదివి మిగతావి మూసేస్తే, ఉమ్మడి మేలు అంటే గోడ ఎత్తుగా ఉన్నవాడిని వదిలి, గోడ పొట్టిగా ఉన్నవాడి మీదికి నాలాను తిప్పడం అవుతుంది. ఇది వాదనలో అనలేదు, అనాల్సిన పనీ పడలేదు. న్యాయమూర్తి పది రోజుల్లో ఉమ్మడి సర్వే చేయాలనీ, ప్రతి ఇంటివాళ్లకూ నోటీసు ఇచ్చి వాళ్ల మాట వినాలనీ ఆదేశించారు.

సర్వే రోజు పిల్లా పెద్దా అందరూ వచ్చారు. హాలు వెనక నాపరాళ్లు లేపగానే కమాను మొత్తం బయటపడింది. జనం ఈలలు వేశారు. నాలాను ఎవరు, ఎవరి మాట మీద తిప్పారో నాకు తెలియదు. తెలియనిది రాయను.

మరియమ్మ షరతు

నేరుగా ఉన్న పాత దారిలో కొలిస్తే హాలు వంటశాల, సగం పార్కింగ్ నాలాలోకి వచ్చాయి. పదిహేడు ఇళ్లలో పద్నాలుగు కూల్చివేత నుంచి బయటపడ్డాయి. మూడు మాత్రం పాత దారి అంచు మీదే ఉన్నాయి. అందులో ఒకటి మరియమ్మది. ఇల్లు ఉంటుంది, ముందు గది పోతుంది. కుట్టుమిషన్ ఉన్న గది.

కేసు వేసిన మొదటి మనిషికే నష్టం మిగిలింది.

ఇళ్లవాళ్ల మాట వినే సమావేశం అక్కడి ప్రార్థన మందిరంలో పెట్టారు. శాఖ అధికారులు ఒక బల్ల వెనక, జనం బెంచీల మీద. ఎగువ కాలనీ నుంచి సుజాత అనే ఆవిడ లేచింది. ఇంట్లోకి నీళ్లొచ్చిన రోజు పక్షవాతంతో ఉన్న అత్తను ముగ్గురు కలిసి మేడ మీదికి మోసిన సంగతి చెప్పింది. చెబుతూ ఏడవలేదు. మరియమ్మ తల తిప్పి ఆమెనే చూస్తూ కూర్చుంది.

మరియమ్మ వంతు వచ్చింది. నాకు ఆమె వైపు చూసే ధైర్యం లేక నేల చూపులు చూశాను.

"నేను గెలిచిన్నా ఓడిన్నా మేడం?" అని నన్నే అడిగింది.

"నాకు తెలుస్తలేదమ్మా" అన్నాను.

"నాకు గూడ తెలుస్తలేదు. నా గది మీద రంగేసినప్పుడు నన్నెవ్వరు అడగలె. ఇయ్యాల అడుగుతున్నరు. గిన్నేండ్లల్ల సర్కారోళ్లు నన్ను అడిగింది గిదే మొదలు. గది ఇస్త. కని ఒక షరతు."

అధికారులు కాగితం ముందుకు లాక్కున్నారు. ఇంకో ఇల్లు అడుగుతుందని నేను అనుకున్నాను.

"నాలాకు రెండు దిక్కుల నడుమెత్తు గోడ కట్టాలె. ఈ గల్లీల పిల్లలు ఆడుకుంటరు. నా గది తీసుకుని పిల్లలను గుంజుకుపోయే నాలా కట్టిండ్రంటే, మళ్ల కోర్టుకు వస్త. రాసుకోండ్రి."

రాసుకున్నారు. నడుము ఎత్తు అంటే ఎంత అని అధికారి అడిగితే, ఆమె లేచి నిలబడి తన నడుము మీద చెయ్యి పెట్టి చూపించింది. చట్ట ప్రకారం పరిహారం, మిగిలిన గదికి కొత్త గోడ కూడా ఆదేశంలోకి వచ్చాయి. కానీ ఆ సమావేశపు కాగితంలో నాకు కళ్లు చెమర్చిన వాక్యం ఆ గోడ గురించినదే. ఉమ్మడి మేలు అంటే ఏమిటని న్యాయశాస్త్రం పుస్తకాలు చాలా చెబుతాయి. నేను చూసింది ఇదీ. అందరి కోసం నువ్వు పో అన్నంత సేపూ ఆమె పోరాడింది. ఆ అందరిలో తననూ లెక్కపెట్టి అడిగిన రోజు, తనకోసం కాకుండా అందరి కోసం షరతు పెట్టింది.

వాన

పని పూర్తయిన తర్వాత మొదటి పెద్ద వాన పడిన సాయంత్రం నేను ఇంట్లో ఉండలేకపోయాను. గొడుగు తీసుకుని ఆటో ఎక్కాను. ఆటో సగం దూరంలో ఆగిపోతే మిగతా దూరం నడిచాను. నాలా పక్కన గుంపులు గుంపులుగా జనం. ఎర్రటి నీళ్లు నేరుగా, విసురుగా, ఎక్కడా తడబడకుండా పోతున్నాయి. సుజాత ఎగువ నుంచి దిగివచ్చి, ఎవరికో ఫోన్ చేసి అరుస్తోంది: "రాలె! ఇంట్లకు నీళ్లు రాలె! గడప కూడ తడవలె!" ఎవరో పిల్లలు నడుమెత్తు గోడకు ఆనుకుని కాగితం పడవలు వదులుతున్నారు. యాదగిరి కూడా నాగోల్ నుంచి వచ్చాడు, తలకు తువ్వాలు చుట్టుకుని, తన నాలా అన్నట్టు నిలబడ్డాడు.

నేను తడిసి ముద్దయి మరియమ్మ ఇంటి ముందుకు వెళ్లాను. ముందు గది లేదు. మిగిలిన గదిలోకే మిషన్ జరిపి, తలుపు బార్లా తీసి, నాలా వైపు ముఖం పెట్టి కూర్చుంది. నేను గుమ్మంలో నిలబడి, ఎట్లా ఉన్నావమ్మా, ఇల్లు ఇరుకైందా, కోపం ఉందా అని ఏవేవో అడుగుతున్నాను.

ఆమె మెడ పక్కకు సాచి, నా వెనక చూస్తూ చెయ్యి ఊపింది.

"మేడం, జర పక్కకు జరుగుండ్రి. నీళ్లు కనవడ్తలేవు."